వోజిరార్ వీధిలో ఒక వంటవాడు

నాన్సీ నుంచి లూనెవిల్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. జనవరి నెల. కిటికీ అవతల లొరేన్ పొలాలు పొగమంచులో మునిగి ఉన్నాయి. ఎదురుగా కూచున్న మా మేనల్లుడు, “అత్తా, ఆ ఊళ్ళో చూడ్డానికేం లేదు. నేను నెట్‌లో వెతికాను కూడా. నీకు రాజుగారి కోట చూపిస్తాను, మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోదాం” అన్నాడు. మా అన్నయ్య కొడుకు వాడు. నాన్సీలో రసాయన శాస్త్రం మీద పరిశోధన చేస్తున్నాడు. నేను ఒంగోలు నుంచి అంతదూరం వచ్చింది కోటల కోసం కాదని వాడికి తెలుసు. కానీ ఆ చలిలో నన్ను నడిపించడం ఇష్టంలేదు వాడికి.

లూనెవిల్ కోట పెద్దదే. 18వ శతాబ్దంలో లొరేన్ డ్యూకులు వెర్సాయ్‌కి పోటీగా కట్టించుకున్నారు. 2003 జనవరిలో అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోతే మళ్ళీ నిలబెట్టారు. దాన్ని బయటినుంచే చూసి, మర్త్ నది దాటి, ఎరిమెనిల్ దారి పట్టాం. నాలుగు కిలోమీటర్లుంటుందేమో. నది ఉరకల్లేకుండా నిండుగా పారుతోంది. గట్టున పొలాల మధ్య ఒంటరి చెట్లు, ఒక్క ఆకు లేకుండా, కొమ్మలన్నీ నల్లగా. మన ప్రకాశం జిల్లా ఎండల్లో పుట్టి పెరిగిన కళ్ళకి ఆ దృశ్యం అలవాటు లేనిది. మన వేపచెట్టు ఆకు రాల్చినా ఆ పక్కనే కొత్త చిగురు తోసుకొస్తుంటుంది. అక్కడి చెట్టు నెలల తరబడి చచ్చినట్టే నిలబడి ఉంటుంది.

ఎరిమెనిల్ చిన్న పల్లె. లొరేన్ పల్లెల పద్ధతిలో ఇళ్ళు గోడకు గోడ ఆనించి వరసగా ఉంటాయి. ఇంటికీ రోడ్డుకీ నడుమ వెడల్పాటి ఖాళీ జాగా. ఒకప్పుడు ఆ జాగాలోనే కట్టెలు, బండి, పేడకుప్ప పెట్టుకునేవారు. పేడకుప్ప ఎంత పెద్దదైతే ఆ రైతు అంత కలిగినవాడని లెక్క. ఇప్పుడక్కడ కార్లున్నాయి. ఊరు మొత్తం మీద మాకు ఎదురైంది కుక్కను నడిపించుకుంటున్న ఒక ముసలాయన. మేనల్లుడు ఫ్రెంచిలో పలకరిస్తే తల ఊపి వెళ్ళిపోయాడు.

నేను వెతుక్కుంటూ వచ్చిన నికొలా హెర్మన్ 1614 ప్రాంతంలో ఈ ఊళ్ళోనే పుట్టాడు. బీదింటి పిల్లవాడు, పెద్దగా చదువుకోలేదు. పద్ధెనిమిదేళ్ళ వయసులో చలికాలంలో ఆకుల్లేని చెట్టును చూశాడు. కొన్నాళ్ళకి దీనికి ఆకులొస్తాయి, పూత పూస్తుంది, కాయ కాస్తుంది అనుకున్నాడు. ఆ ఒక్క తలంపుతో దేవుని శక్తి, దేవుని సంరక్షణ అతని మనసుకి ఎంత గట్టిగా తగిలాయంటే, తర్వాత అరవై ఏళ్ళ పాటు అది చెదరలేదు. దర్శనం రాలేదు, స్వరం వినిపించలేదు, ఎవరూ ప్రసంగం చేయలేదు. ఆ ఊరి చలికాలం చూశాక ఆ సంగతి నాకు బాగా తెలిసింది. మోడు మీద విశ్వాసం పుట్టాలంటే అంత నిండుగా మోడు కావాలి.

ఆ ఏళ్ళు మంచివి కావు. ముప్ఫయ్యేళ్ళ యుద్ధం 1618 నుంచి 1648 దాకా యూరపు నడిబొడ్డును నమిలేసింది. అందులో లొరేన్ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. సైన్యాలు వచ్చేవి, పంట తినేవి, ఇళ్ళు తగలబెట్టేవి, వెనకాలే మహమ్మారి వచ్చేది. నాన్సీవాడే అయిన జాక్ కలో అనే చిత్రకారుడు 1633లో యుద్ధపు ఘోరాల మీద కొన్ని బొమ్మలు చెక్కాడు. మేనల్లుడి గదిలో ఉన్న పుస్తకంలో వాటిని చూశాను. ఒక బొమ్మలో పెద్ద చెట్టు, దాని కొమ్మలకి ఉరితీసిన సైనికులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటారు. ఒక ఫాదిరీ నిచ్చెన మీదివాడికి సిలువ చూపిస్తుంటాడు. నికొలా తన చెట్టును చూసింది ఇంచుమించు అదే కాలంలో, అదే గడ్డ మీద. ఒకే నేల ఒకరికి ఆ చెట్టును చూపింది, ఇంకొకరికి ఈ చెట్టును. ఇద్దరూ చూసింది నిజమే. కానీ తర్వాత దేవుని సన్నిధి గురించి చెప్పిన నికొలా ప్రశాంతమైన కాలంలో తోటలో కూచుని చెప్పలేదని నాకు ఆ బొమ్మ చూస్తేనే అర్థమైంది.

నికొలా కూడా సైనికుడయ్యాడు. జర్మను దండు పట్టుకుని గూఢచారి అనుకుని చంపబోయి వదిలేసింది. 1635లో రాంబెర్విల్లె దగ్గర కాలికి గాయమైంది. ఆ కుంటితనం జన్మంతా పోలేదు. తర్వాత ఒక పెద్ద అధికారి ఇంట్లో నౌకరుగా చేశాడు. పట్టుకున్న వస్తువల్లా పగలగొట్టే మొద్దుమనిషిని నేను అని తానే చెప్పుకున్నాడు. కొన్నాళ్ళు ఒంటరిగా తపస్సు చేయబోయాడు, మనసు నిలవలేదు. చివరికి 1640లో పారిస్‌లో, వోజిరార్ వీధిలోని నిష్పాదుక కార్మెల్ సభ మఠంలో చేరాడు. గురువుగా కాదు, అంత చదువు లేదు. పనిపాటలు చేసే సోదరుడిగా. అక్కడ పెట్టిన పేరు పునరుత్థానపు లారెన్స్. ప్రపంచానికి తెలిసింది బ్రదర్ లారెన్స్‌గా.

మేమూ అదే దారిన పారిస్ వెళ్ళాం.

వోజిరార్ పారిస్ లోపలి వీధులన్నిటిలోకీ పొడవైనది. లక్సెంబర్గ్ తోట పక్కనుంచి నడుచుకుంటూ పోతే 70వ నంబరు దగ్గర ఒక గేటు, లోపల చిన్న ముంగిలి, దాని వెనక సెయింట్ జోసెఫ్ గుడి. ఇప్పుడీ ఆవరణ పారిస్ కాథలిక్ విశ్వవిద్యాలయానిది. భుజాలకు సంచులు తగిలించుకున్న పిల్లలు గుంపులుగా వస్తూ పోతూ ఉన్నారు. గుడికి 1613లో పునాదిరాయి వేసింది రాణి మరీ ద మెదిచీ. బయటి నుంచి చూస్తే ఆర్భాటం లేదు. లోపలికెళ్ళి తలెత్తితే గుమ్మటం నిండా ఏలీయా. అగ్నిరథం మీద ఆకాశానికి ఎక్కిపోతున్నాడు. కింద ఎలీషా చేతులు చాచి ఉన్నాడు. మా సండేస్కూల్లో నేను పిల్లలకి చార్టు మీద అతికించిన బొమ్మే, కానీ ఇక్కడ మెడ పట్టేసేదాకా చూసేంత ఎత్తున ఉంది.

కార్మెల్ సభవాళ్ళు తమ మూలపురుషుడు ఏలీయానే అంటారు. బయలు ప్రవక్తలతో అతను తలపడిన కొండ పేరే వాళ్ళది. అహాబు రాజు ముందు నిలబడి కూడా, నేను నిలబడింది దేవుని ఎదుట అన్న ధైర్యంతో మాట్లాడిన మనిషి ఏలీయా. ఆ మఠంలో ప్రతి సోదరుడూ ఆ మాటను తన మాటగా మోసేవాడు. వంటవాడు లారెన్స్ గుడిలోకి వచ్చినప్పుడల్లా ఈ గుమ్మటం కిందే మోకరించి ఉంటాడు. ఎవరి ఎదుట నిలబడి ఉన్నామన్న ఎరుక అతనికి ఈ గుడిలో మొదలై వంటశాల దాకా వెళ్ళిందో, వంటశాలలో మొదలై ఇక్కడికొచ్చిందో చెప్పడం కష్టం. ఎందుకంటే అతను రెంటికీ తేడా చూడలేదు. ప్రార్థనకు నియమించిన గంటా, పనికి నియమించిన గంటా తనకు ఒకటేనన్నాడు. వంటింట్లో ఒకేసారి నలుగురు నాలుగు రకాలు అడుగుతూ గందరగోళంగా ఉన్నప్పుడు కూడా, బలిపీఠం ముందు మోకాళ్ళూనినంత నెమ్మదిగా దేవునితో ఉంటానన్నాడు.

నేను వంటశాల కోసం వెతికాను. దాన్ని చూపించే పలక ఏదీ నా కంటపడలేదు. మఠం గదులు కొన్ని మిగిలాయి గానీ వాటి పనులు మారిపోయాయి. ఫ్రెంచి విప్లవ కాలంలో ఈ మఠం జైలైంది. 1792 సెప్టెంబరు 2న, ప్రభుత్వానికి ప్రమాణం చేయనన్న గురువుల్ని ఈ తోటలోనే చంపారు. నూరుమందికి పైగా. తోటలోకి దిగే మెట్ల దగ్గర వాళ్ళిక్కడే పడ్డారని లాటిన్‌లో రెండే మాటలు రాసి ఉన్నాయి. భూగృహంలో వాళ్ళ ఎముకలున్నాయి, పుర్రెల మీద కత్తివేట్లు కనబడతాయట. పేదల కోసం సెయింట్ విన్సెంట్ ద పాల్ సంఘాన్ని మొదలుపెట్టిన ఫ్రెడరిక్ ఒజానాం సమాధి కూడా ఆ భూగృహంలోనే. మేం వెళ్ళిన రోజు అది మూసి ఉంది. గైడ్ పుస్తకాలన్నీ వీటి గురించే చెబుతాయి. చెప్పాల్సినవే. వంటవాడికి మాత్రం ఒక పంక్తి దొరకడం కష్టం.

కానీ ఆ వంటశాల సంగతి మనకి ఇంత వివరంగా తెలియడమే ఒక విశేషం. జోసెఫ్ ద బొఫోర్ అనే గురువు 1666 ఆగస్టు 3న మొదటిసారి ఈ మఠానికొచ్చి లారెన్స్‌తో మాట్లాడాడు. నాలుగు సంభాషణలు రాసిపెట్టుకున్నాడు. లారెన్స్ చనిపోయాక ఆయన ఉత్తరాలు పదహారు దొరికాయి. 1692లోనూ 1694లోనూ బొఫోర్ వాటిని అచ్చు వేయించాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఫెనెలాన్, బొస్యుయే అనే ఇద్దరు కాథలిక్ బిషప్పుల నడుమ మౌనప్రార్థన మీద పెద్ద తగవు రేగి, లారెన్స్ మాటలు కూడా అందులోకి లాగబడ్డాయి. కాథలిక్కుల ఫ్రాన్స్ ఆయన్ని పక్కన పెడితే, ప్రొటెస్టెంట్లు ఎత్తుకుని దాచుకున్నారు. జాన్ వెస్లీ తన పాఠకుల కోసం సంక్షేపించి అచ్చు వేశాడు. అలా తిరిగి తిరిగి ఒక బాప్టిస్టు ఉపాధ్యాయురాలినైన నా చేతికి, ఒంగోల్లో, ‘ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’ అన్న ఇంగ్లీషు పేరుతో వచ్చింది. చిన్న పుస్తకం. నా పెళ్ళయిన కొత్తల్లో పొయ్యి పక్కన అలమరలో, చింతపండు డబ్బా పక్కనే ఉండేది.

ఆ పుస్తకంలో నన్ను మొదట పట్టింది ఒక చిన్న విషయం. లారెన్స్‌కి వంటపని అంటే ఇష్టంలేదు. సహజంగానే అయిష్టం. అయినా పదిహేనేళ్ళు చేశాడు, చేస్తూ చేస్తూ అది సులువైంది. పెనం మీద అట్టు తిరగేసేటప్పుడు దేవుని మీది ప్రేమతోనే తిరగేస్తానన్నాడు. చేసే పనేమీ లేకపోతే నేల మీద గడ్డిపోచ తీసినా చాలు, ఆయన కోసమే తీస్తానన్నాడు. మఠానికి ద్రాక్షసారా కొనుక్కురమ్మని ఓవెర్న్‌కీ బుర్గుండీకీ పంపితే, బేరమాడ్డం రాదు, కాలు సహకరించదు. పడవలో పీపాల మీద దొర్లుకుంటూ అటూ ఇటూ కదిలేవాడట. ఆ పనీ నీదేనయ్యా అని ప్రభువుతో చెప్పి చేశాడు, సవ్యంగానే ముగిసింది. ఆయన ఆత్మీయ జీవితంలో ఇంతకంటే పెద్ద సంఘటనలు లేవు.

ఇదేదో సుఖంగా వచ్చిందనుకుంటే పొరపాటు. మఠంలో చేరాక మొదటి పదేళ్ళు ఆయన నలిగిపోయాడు. తన పాపాలు గుర్తొచ్చేవి, దేవుడు తనను వదిలేశాడనిపించేది, ఇదంతా తన భ్రమేమోనన్న భయం. పడిపోయేవాడు, లేచేవాడు. చివరికి, చచ్చేదాకా ఇలాగే ఉన్నా సరే, నేను మాత్రం ఆయన్ని ప్రేమించడం మాననని తీర్మానించుకున్నాడు. అప్పుడు ఉన్నట్టుండి లోపల నెమ్మది వచ్చింది. పూర్ణహృదయం అంటే ఇదేనని నేను నమ్ముతాను. ఆనందం ఉన్నప్పుడు దగ్గరుండడం ఎవరికైనా చేతనవుతుంది. ఏమీ అనిపించని నాడు కూడా మాట తప్పకపోవడంలోనే మనసంతా ఇవ్వడం ఉంది.

మన సంఘాల్లో సన్నిధి అనే మాట రోజూ వాడతాం. ఆదివారం సన్నిధికి వెళ్ళొచ్చామంటాం. ఉపవాస కూడికల్లో, రాత్రంతా జరిగే ప్రార్థనల్లో సన్నిధి దిగిందంటాం. ఆ కన్నీళ్ళు నిజమైనవే, నేనూ కార్చాను, వాటిని తక్కువ చేయను. కానీ సభ ముగిసి, మైకు ఆపి, షామియానా విప్పేశాక ఆయన ఎక్కడికి పోతాడు? సోమవారం పొద్దున పాలు పొంగుతుంటే, పిల్లవాడు బూటు దొరకలేదని ఏడుస్తుంటే, ఆఫీసుకి ఆలస్యమవుతుంటే ఆయన ఎక్కడ? ఎడతెగక ప్రార్థించమని పౌలు థెస్సలొనీకవాళ్ళకి రాసింది పని మానుకుని కూచోమని కాదు. తమ చేతులతో పనిచేసుకోమని అదే ఉత్తరంలో రాశాడు. పౌలే డేరాలు కుట్టుకుని బతికినవాడు. లారెన్స్ ఆ రెండు మాటల్నీ కలిపి చదివాడు.

కాలినొప్పి ముదిరి పుండయ్యాక వంటశాలలో నిలబడలేకపోతే ఆయనకు మఠంలో చెప్పులు బాగుచేసే పని ఇచ్చారు. కూచుని చేసుకోవచ్చని. ఈ సంగతి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. మా తాత చెప్పులు కుట్టేవాడు. మాది మాదిగపల్లె. లందలో తంగేడు చెక్కతో ఊరేసిన తోలు, ఆ వాసన, ఒళ్ళో ఆరె, రంపె, మైనం పట్టించిన దారం. కిర్రు చెప్పులు ఆయన దగ్గరే కుట్టించుకోవాలని పక్క ఊళ్ళ రైతులు వచ్చేవాళ్ళు. వచ్చి దూరంగా నిలబడేవాళ్ళు. ఆరెతో తోలుకి బెజ్జం పెట్టి, రెండు వైపుల నుంచీ దారం లాగి బిగించేటప్పుడు తాత పెదవులు కదులుతుండేవి. ఎవరితో మాట్లాడుతున్నావు తాతా అని అడిగితే, “ప్రభువుతోనమ్మా, ఇంకెవరితో” అనేవాడు. కుట్టు ఆగేది కాదు.

తెలుగు నేల మీద ఇది మా తాత ఒక్కడి కథ కాదు. ఒంగోలు ప్రాంతంలో సువార్తను పల్లెలకు మోసింది తోలు వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం పొందాడు. అంతకు ముందు యోగం నేర్చినవాడు, దేవుణ్ణి వెతుకుతూ తిరిగినవాడు. పన్నెండేళ్ళకి, ఘోరమైన కరువు వెన్నంటే, 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ జనం కథల్ని 1899లో పుస్తకంగా వేసింది. దానికి ఆమె పెట్టిన పేరు ‘వైల్ సోయింగ్ శాండల్స్’, చెప్పులు కుడుతూ అని. పారిస్‌లో చెప్పులు కుట్టిన లారెన్స్ పేరు పేరయ్య విని ఉండడు. వినాల్సిన అవసరమూ లేకపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మురికిపనిలోనూ దేవుడున్నాడు అనే బోధను పట్టుకుని, కాబట్టి నీ పనిలోనే పడి ఉండు అని చెప్పేవాళ్ళుంటారు. ఆడవాళ్ళకి వంటిల్లే దేవాలయం అనేవాళ్ళూ ఉంటారు. లారెన్స్ మఠంలో కూడా కింది పనులన్నీ చదువులేని సోదరులవే. నికొలా తన ఇష్టంతో ఆ జీవితాన్ని ఎంచుకున్నాడు, మా తాతకి ఎవరూ ఎంపిక ఇవ్వలేదు. అందుకే ఒంగోలు క్రైస్తవులు పిల్లల్ని బడికి పంపారు, మా నాన్న గుమాస్తా అయ్యాడు, నేను పంతులమ్మనయ్యాను, అది కూడా దేవుని పనే. లారెన్స్ పని పవిత్రమనలేదు. పని చేసేవాడికి దేవుడు దగ్గరున్నాడన్నాడు. ఆ దగ్గరితనం తెలిసినవాడు ఎవరి ముందూ ఒంగి నిలబడడు. మా తాత దూరంగా నిలబడ్డ రైతులతో తలెత్తే మాట్లాడేవాడు. చిన్నప్పుడు అది ఆయన స్వభావమనుకున్నాను.

ముంగిట్లో రాతి అరుగు మీద కూచున్నాం. వాన తుంపర మొదలైంది. మేనల్లుడికి నేను లారెన్స్ ఆఖరి రోజుల సంగతి చెప్పాను. 1691 ఫిబ్రవరి, డెబ్బయ్యేడో ఏడు, పక్కటెముకల్లో శూల. మంచం పట్టిన ఆయన్ని ఏం చేస్తున్నావు, మనసులో ఏముందని తోటివాళ్ళు అడిగారు. నిత్యత్వమంతా చేయబోయేదే ఇప్పుడూ చేస్తున్నాను, దేవుణ్ణి స్తుతిస్తున్నాను, ఆయన్ని ప్రేమిస్తున్నాను అనే అర్థంలో చెప్పాడు. ఫిబ్రవరి 12న వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా చేస్తున్నదాన్నే కొనసాగించాడు, చావు కోసం ప్రత్యేకంగా సిద్ధపడాల్సింది మిగల్లేదు.

వాడు కాసేపు ఊరుకుని, “అత్తా, నేను ల్యాబులో గాజు సామాన్లు కడుగుతుంటాను. గంటల కొద్దీ. అప్పుడు చేయొచ్చా ఇది?” అన్నాడు.

“ఎందుకు చేయకూడదురా?”

“ఏం చెప్పాలి మరి? ఏ ప్రార్థన?”

“ప్రార్థన పాఠం ఏమీ అక్కర్లేదు. ఆయన అక్కడున్నాడని గుర్తుంచుకో. ఏదైనా తోస్తే చెప్పు, లేకపోతే లేదు. మనసు ఎటో పోతే నిన్ను నువ్వు తిట్టుకోకుండా మళ్ళీ ఆయన దగ్గరికి రా.”

“ఎన్నాళ్ళకి అలవాటవుతుంది?”

“ఆయనకి పదేళ్ళు పట్టింది, నాన్నా” అన్నాను. “నువ్వు రేపు మొదలుపెట్టు.”